కొన్న పీఎల్ఆర్ ఆర్టికల్‌ను మీ బ్లాగ్‌లో ఎలా వాడాలి

మీ పేరుతో వాడుకునే అనుమతితో అమ్మే పీఎల్ఆర్ ఆర్టికల్స్ ప్యాక్‌కి డబ్బు కట్టారు, జిప్ ఫైల్ డౌన్‌లోడ్ అయింది. తెరిచి చూస్తే ఇరవయ్యో ముప్ఫయ్యో వర్డ్ ఫైళ్లు, ఒక బొమ్మల ఫోల్డర్, అడుగున ఎక్కడో 'లైసెన్స్' అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటాయి. చాలామంది మొదట ఆర్టికల్ తెరుస్తారు, కాపీ చేస్తారు, బ్లాగ్‌లో పేస్ట్ చేస్తారు. మొదటిసారి కొన్నప్పుడు నేనూ అదే చేశాను. ఒక్క సాయంత్రంలో పన్నెండు ఆర్టికల్స్ పెట్టేశాను.

రెండు వారాల తర్వాత ఒక పాఠకురాలు మెయిల్ రాశారు. వెన్నునొప్పి మీద నేను పెట్టిన ఆర్టికల్‌లో 'నా దగ్గరికి వచ్చే పేషెంట్లకు నేను ఇదే చెబుతాను' అని ఉందట. మా అమ్మకు ఆపరేషన్ అయింది, ఈ వ్యాయామాలు చేయించవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఆ వాక్యం అందులో ఉందన్న సంగతి కూడా నాకు తెలియదు, ఎందుకంటే ఆ ఆర్టికల్‌ని నేను పూర్తిగా చదవలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పి, పన్నెండూ తీసేశాను.

అప్పటి నుంచి నాది ఒకటే నియమం. నా పేరు కింద వచ్చే ప్రతి వాక్యాన్నీ నేను చదివి ఉండాలి, ఒప్పుకుని ఉండాలి, ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి. కింద రాసిన పద్ధతి అంతా ఆ నియమం నుంచి వచ్చిందే. కొన్న ఆర్టికల్స్ వాడటం తప్పని నేను అనను, ఇప్పటికీ వాడుతున్నాను. కాకపోతే జిప్ ఫైల్ విప్పడానికీ పబ్లిష్ బటన్ నొక్కడానికీ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది.

అసలు మీరు కొన్నది ఏమిటి

పీఎల్ఆర్ అంటే ప్రైవేట్ లేబుల్ రైట్స్. ఒకరు ఆర్టికల్ రాయిస్తారు. దాన్ని మార్చుకోవడానికి, మీ పేరు పెట్టుకోవడానికి, పబ్లిష్ చేసుకోవడానికి మీకు అనుమతి అమ్ముతారు. మీ చేతికి వచ్చేది అనుమతి మాత్రమే. కాపీరైట్ మామూలుగా అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది. అదే అనుమతిని వాళ్లు వందమందికైనా అమ్ముకోవచ్చు, అమ్ముతారు కూడా. కాబట్టి అదే ఆర్టికల్ ఈ పాటికే ఎన్నో సైట్లలో ఉందని అనుకునే పని మొదలుపెట్టండి.

దీనికి దగ్గరగా వినిపించే మాటలు ఇంకొన్ని ఉన్నాయి, కలగాపులగం చేసుకోకండి. రీసేల్ రైట్స్ అంటే ఉన్నది ఉన్నట్టు అమ్ముకోవచ్చు, సాధారణంగా మార్చడానికి వీల్లేదు. మాస్టర్ రీసేల్ రైట్స్ అయితే మీ దగ్గర కొన్నవాళ్లకు కూడా తిరిగి అమ్మే హక్కు ఇవ్వవచ్చు. పబ్లిక్ డొమైన్ అంటే కాపీరైట్ గడువు తీరిపోయిన రచనల్లాంటివి, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక ఫోరమ్‌లలోనూ డ్రైవ్ లింకుల్లోనూ 'పదివేల పీఎల్ఆర్ ఆర్టికల్స్ ఉచితం' అని తిరిగే కట్టల జోలికి వెళ్లకండి. రచయిత పేరు లేనంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. 1886 నాటి బెర్న్ ఒప్పందం ఆధారంగా సాగుతున్న కాపీరైట్ చట్టాల్లో, రాసిన క్షణం నుంచే రచయితకు హక్కు వస్తుంది, రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

లైసెన్స్ ఫైల్ ముందు, ఆర్టికల్ తర్వాత

పీఎల్ఆర్ అనే మాటకు ఎక్కడా ఒకే నిర్వచనం లేదు. ఒకరు అన్నిటికీ సరే అంటారు, ఇంకొకరు అదే పేరుతో అమ్మి సగం పనులు వద్దంటారు. అందుకే లైసెన్స్‌ను ప్యాక్ ప్యాక్‌కీ విడిగా చదవాలి. చదివేటప్పుడు ఈ ప్రశ్నలు పక్కన రాసి పెట్టుకోండి:

- ఆర్టికల్‌ని మార్చవచ్చా? ఎంతవరకు? కొందరు 'కనీసం ఇంత శాతం మార్చాలి' అని షరతు పెడతారు.
- రచయితగా నా పేరు పెట్టుకోవచ్చా?
- అందరికీ కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టవచ్చా, లేక డబ్బు కట్టిన మెంబర్లకు మాత్రమేనా?
- ఈ-బుక్‌గా కలిపి అమ్మవచ్చా? ఉచితంగా పంచవచ్చా?
- వేరే భాషలోకి అనువదించవచ్చా?
- ఆడియో, వీడియో, కోర్సు చేయవచ్చా?
- ప్యాక్‌లోని బొమ్మలకూ ఇదే అనుమతి వర్తిస్తుందా?
- పీఎల్ఆర్ హక్కుల్నే ఇంకొకరికి ఇవ్వవచ్చా? దీనికి జవాబు దాదాపు ఎప్పుడూ 'కుదరదు' అనే ఉంటుంది.

తెలుగులో రాసేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది అనువాదం ప్రశ్న. ప్యాక్‌లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి. 'మార్చుకోవచ్చు' అన్న మాటలో అనువాదం కూడా వస్తుందని మనకు మనం అనుకోవడం మంచిది కాదు. అనువాద హక్కు కాపీరైట్‌లో ప్రత్యేకంగా చెప్పే హక్కు. లైసెన్స్‌లో ఆ ఊసే లేకపోతే అమ్మినవాళ్లకు రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "ఈ ప్యాక్‌ని తెలుగులోకి మార్చి నా సైట్‌లో పెట్టుకోవచ్చా?" చాలామంది సరే అంటారు. ఆ జవాబును పీడీఎఫ్ చేసి దాచండి.

దాచడమంటే ఊరికే ఇన్‌బాక్స్‌లో వదిలేయడం కాదు. ప్రతి ప్యాక్‌కీ ఒక ఫోల్డర్ పెట్టి అందులో లైసెన్స్ ఫైల్, డబ్బు కట్టిన రసీదు, కొన్న పేజీ స్క్రీన్‌షాట్, మీరు అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు వేయండి. పీఎల్ఆర్ అమ్మే సైట్లు ఉన్నట్టుండి మూతపడుతుంటాయి, లేదా షరతులు మారుస్తుంటాయి. మూడేళ్ల తర్వాత ఎవరైనా నిలదీస్తే మీ చేతిలో మిగిలేది ఆ ఫోల్డరే.

సరుకు ఎక్కడిదో చూసుకోండి

అమ్మినవాళ్లకు ఆ ఆర్టికల్ మీద నిజంగా హక్కు ఉందా? ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు తక్కువ. తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఆర్టికల్ మధ్యలోంచి కాస్త ప్రత్యేకంగా ఉన్న వాక్యం ఒకటి తీసుకోండి. ఎనిమిది పది పదాలు చాలు. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. మొదటి పేరా తీసుకోవద్దు, దాన్ని చాలామంది మార్చేస్తారు. ఇలా మూడు చోట్ల నుంచి మూడు వాక్యాలు వెతికితే పరిస్థితి తెలిసిపోతుంది. కాపీస్కేప్ లాంటి సర్వీసు ఇదే పని చేస్తుంది. 2004 నుంచి ఉంది, నమ్మకంగా వాడవచ్చు.

ఫలితాల్లో చిన్న చిన్న బ్లాగులు పదో పాతికో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, పీఎల్ఆర్ అంటేనే అది. కానీ ఒక పత్రిక సైట్‌లోనో, పేరున్న రచయిత సొంత సైట్‌లోనో, ఆసుపత్రి సైట్‌లోనో అదే ఆర్టికల్ కనిపిస్తే, ఆ పేజీ ప్యాక్ కన్నా పాతదైతే, అక్కడితో ఆపండి. ఎవరో వాళ్ల ఆర్టికల్‌ని కాపీ కొట్టి ప్యాక్‌లో కలిపి అమ్మి ఉండవచ్చు. పేజీ ఎప్పటిదో తేలకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రస్ పెట్టి పాత కాపీలు ఏ తేదీవో చూడండి. అనుమానం తీరకపోతే ఆ ఆర్టికల్‌ని పక్కన పెట్టేయండి. డబ్బు కట్టాం కదా అని వాడితే, అసలు రచయిత వచ్చి అడిగినప్పుడు మీ రసీదు మీరు కొన్నారని మాత్రమే చెబుతుంది, మీకు హక్కు ఉందని చెప్పదు.

శుభ్రం చేయడం

వర్డ్ ఫైల్‌లోంచి నేరుగా పేస్ట్ చేయకండి. ఫాంట్లు, రంగులు, దాగి ఉన్న లింకులు అన్నీ వెంట వస్తాయి. మామూలు టెక్స్ట్‌గా పేస్ట్ చేయండి. చాలా బ్రౌజర్లలో కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కితే సరిపోతుంది. తర్వాత పెన్సిల్ పట్టుకుని ప్రూఫ్ చూసినట్టు నిదానంగా చదవండి. ఏం వెతకాలంటే:

'మీ పేరు ఇక్కడ', 'మీ లింక్ ఇక్కడ' అని బ్రాకెట్లలో వదిలేసిన ఖాళీలు. ఇవి అలాగే ఉండిపోయిన సైట్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అమ్మినవాళ్ల సొంత అఫిలియేట్ లింకులు, అంటే వాటి ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ వచ్చే లింకులు కూడా ఉంటాయి. మీ పాఠకులు వాటి ద్వారా కొంటే ఆ కమీషన్ వాళ్లకు పోతుంది, ఆ లింక్ ఎక్కడికి తీసుకెళ్తుందో మీకు తెలియదు. బొమ్మలు, పీడీఎఫ్‌లు ఉన్నట్టే ఇస్తుంటే ఫైల్ ప్రాపర్టీస్‌లో ఉన్న రచయిత పేరు కూడా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం 'నేను' అనే మాట. ఫైల్‌లో 'నేను', 'నా', 'మా క్లయింట్లు', 'నా అనుభవంలో' లాంటి మాటల్ని సెర్చ్ చేయండి. పీఎల్ఆర్ రాసేవాళ్లు ఆర్టికల్‌కి ప్రాణం వస్తుందని లేని అనుభవాలు కల్పిస్తారు. 'ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను', 'ఈ పద్ధతితో నేను బరువు తగ్గాను' అని రాస్తారు. మీ పేరు పెట్టగానే అది మీరు చెప్పిన అబద్ధం అవుతుంది. కల్పించిన కస్టమర్ల మాటలు, 'ఒక పరిశోధన ప్రకారం' అని ఏ పరిశోధనో చెప్పకుండా వదిలేసిన అంకెలు కూడా ఇంతే. మూలం దొరికితే ఉంచండి, దొరకకపోతే తీసేయండి. వెన్నునొప్పి ఆర్టికల్ నాకు నేర్పింది ఇదే, అందుకే నా పనిలో ఈ ఒక్క అడుగు ఎప్పుడూ వదలను.

బొమ్మల సంగతి క్లుప్తంగా: లైసెన్స్‌లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాడకండి. స్టాక్ ఫోటో సైట్ల నుంచి తీసుకున్న బొమ్మ అయితే ఆ అనుమతి తీసుకున్నవాళ్లకే పరిమితమై ఉండవచ్చు. మీరు తీసిన ఫోటో, మీరు గీసిన బొమ్మ ఎంత మామూలుగా ఉన్నా దానికన్నా మేలు.

పాతబడ్డ సమాచారం

ప్యాక్ పేజీ మీద ఈ ఏడాది తేదీ ఉన్నా లోపల సరుకు పదేళ్ల నాటిదై ఉండవచ్చు. టెక్నాలజీ ఆర్టికల్స్‌లో ఇది తేలిగ్గా బయటపడుతుంది. గూగుల్ ప్లస్‌లో షేర్ చేయమని ఉంటే అది 2019 ఏప్రిల్‌లోనే మూతపడింది. ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకోమంటే దానికి సపోర్ట్ 2020 డిసెంబర్‌తో ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ప్రస్తావన ఉంటే మైక్రోసాఫ్ట్ దాన్ని 2022 జూన్‌లో విరమించింది. ఇలాంటి ఆనవాలు ఒక్కటి కనిపించినా మొత్తం ఆర్టికల్‌ని అనుమానంతోనే చదవండి.

ఆరోగ్యం విషయంలో అలా పైకి కనిపించే గుర్తులు ఉండవు, ప్రమాదం మాత్రం ఎక్కువ. రెండు ఉదాహరణలు చెబుతాను. గుండె ఆగిన మనిషికి చేసే సీపీఆర్‌లో ముందు గాలి దారి, తర్వాత శ్వాస, ఆ తర్వాత ఛాతీ నొక్కడం అనే క్రమం ఏళ్ల తరబడి నేర్పారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ క్రమాన్ని మార్చి, పెద్దవాళ్లకు ముందు ఛాతీ నొక్కడమే మొదలుపెట్టమంది. ఇంకొకటి, అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్లు వచ్చేవరకు వేరుశనగ పెట్టవద్దని 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పింది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చిన్న వయసులోనే పెడితే అలర్జీ తగ్గుతుందని చూపించింది. 2017లో మార్గదర్శకాలే తిరగబడ్డాయి. పాత ప్యాక్‌లో ఉన్న పాత సలహా మీ బ్లాగ్‌లో కొత్త తేదీతో వస్తే, చదివే తల్లికి తేడా ఎలా తెలుస్తుంది?

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. మందులు, జబ్బులు, పసిపిల్లలు, అప్పులు, పెట్టుబడులు, చట్టం లాంటి విషయాల్లో ఆ రంగం తెలిసిన మనిషి చదివి సరిదిద్దితే తప్ప పీఎల్ఆర్ పెట్టకండి. గూగుల్ కూడా ఇలాంటి విషయాలను మనిషి డబ్బు, ప్రాణం మీద ప్రభావం చూపేవిగా లెక్కేసి మరింత కఠినంగా చూస్తుంది. కానీ గూగుల్ చూడకపోయినా నా మాట ఇదే.

దేశం మారితే చెల్లని విషయాలు కూడా గమనించండి. ఎమర్జెన్సీ నంబర్లు, పన్ను నియమాలు, పౌండ్లూ ఫారెన్‌హీట్ కొలతలు, అక్కడ మాత్రమే దొరికే వస్తువుల పేర్లు ఉంటాయి. మీ పాఠకులు ఎక్కడివాళ్లో దానికి తగ్గట్టు మార్చండి, లేదా తీసేయండి.

తిరగరాయడం

సగం పని ఇక్కడే ఉంది. తొందరపడి దారి తప్పేది కూడా ఇక్కడే.

తిరగరాయడం అంటే 'ముఖ్యమైన' అన్న చోట 'ప్రధానమైన' అని పెట్టడం కాదు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు ఏళ్లుగా ఉన్నాయి, దాన్ని స్పిన్నింగ్ అంటారు. అలా చేసిన ఆర్టికల్ చదివితే ఎక్కడా తప్పు దొరకదు, అలాగని మనిషి రాసినట్టూ ఉండదు. ఏఐకి ఇచ్చి 'వేరే మాటల్లో రాయి' అన్నా జరిగేది అదే, కాకపోతే వాక్యాలు కాస్త నున్నగా వస్తాయి. విషయం మాత్రం పాతదే, అందరి దగ్గరా ఉన్నదే. ఆర్టికల్‌లో లేనిది మీ దగ్గర ఏముందో అది వచ్చి చేరితేనే తిరగరాసినట్టు.

నేను చేసే పద్ధతి ఇది. ఆర్టికల్‌ని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. తర్వాత ఫైల్ మూసేస్తాను. ఖాళీ కాగితం మీద మూడు జాబితాలు రాస్తాను. ఈ ఆర్టికల్ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పింది, నా పాఠకులు అడిగే ఏ ప్రశ్నల్ని వదిలేసింది, ఇందులో దేనితో నేను ఒప్పుకోను. ఆ తర్వాతే రాయడం మొదలుపెడతాను, అదీ ఫైల్ తెరవకుండా. ఏదైనా వివరం కావాలంటే ఒకసారి చూసి మళ్లీ మూసేస్తాను. తెరిచి పెట్టుకుని రాస్తే చెయ్యి దానంతట అదే పాత వాక్యాల వెంట పోతుంది.

ఉదాహరణకు, పాస్‌వర్డ్‌ల మీద పీఎల్ఆర్ ఆర్టికల్స్‌లో ఇలాంటి పేరా తరచూ కనిపిస్తుంది:

"నేటి డిజిటల్ యుగంలో ఆన్‌లైన్ భద్రత అత్యంత ముఖ్యమైనది. మీ పాస్‌వర్డ్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, ప్రత్యేక గుర్తులు ఉండేలా చూసుకోండి. ప్రతి 90 రోజులకు ఒకసారి పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోకండి. ఈ సులభమైన చిట్కాలు పాటిస్తే మీరు హ్యాకర్ల నుంచి పూర్తి సురక్షితంగా ఉంటారు."

మొదటి వాక్యంలో సమాచారం లేదు. చివరి వాక్యం నిజం కాదు, పూర్తి భద్రత ఎవరూ హామీ ఇవ్వలేరు. మధ్యలో ఉన్న 90 రోజుల సలహా పాతది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. నేను రాసిన పేరా ఇలా వచ్చింది:

"నేను పనిచేసిన చోట మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని సిస్టమ్ అడిగేది. మేమంతా చేసింది ఒకటే, చివర ఉన్న 1ని 2 చేయడం, తర్వాత 3 చేయడం. పాతది తెలిసినవాడికి కొత్తది ఊహించడం ఎంతసేపు? నిస్ట్ సంస్థ 2017లోనే ఈ గడువు పద్ధతి వద్దంది. ఈ రోజు మీరు చేయాల్సిన పని ఒక్కటి చెబుతాను. మీ మెయిల్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతున్నారేమో చూడండి. వాడుతుంటే మెయిల్‌కి పొడవైన కొత్త పాస్‌వర్డ్ పెట్టి, రెండు దశల వెరిఫికేషన్ ఆన్ చేయండి. మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ వచ్చేది ఆ మెయిల్‌కే."

పాత పేరాలోంచి మిగిలింది విషయం ఒక్కటే. మరి అలాంటప్పుడు కొనడం ఎందుకని మీరు అడగవచ్చు. ఖాళీ పేజీ ముందు కూర్చునే బాధ తప్పుతుంది. ఒక విషయాన్ని ఎన్ని ముక్కలుగా విడగొట్టవచ్చో, ఏ వరసలో చెబితే అర్థమవుతుందో ముందే కళ్ల ముందు ఉంటుంది. నాకు కొత్త విషయమైతే నేనేం చదవాలో కూడా తెలుస్తుంది. ఇవి చాలా పెద్ద సాయాలు. వీటికోసమైతేనే కొనండి. రాయడమే తప్పించుకోవాలని కొంటే నిరాశే మిగులుతుంది.

ఇంగ్లిష్ ప్యాక్‌ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. మెషీన్ అనువాదాన్ని మక్కికి మక్కి పెట్టకండి. వాక్యం ఇంగ్లిష్ నడకలోనే ఉండిపోతుంది, 'మీ ఆరోగ్యం యొక్క ప్రాముఖ్యత' లాంటి మాటలు వరసకట్టి వస్తాయి. దానికన్నా, ఆర్టికల్ చదివి ఆ విషయాన్ని మీ చెల్లెలికో స్నేహితుడికో ఫోన్‌లో చెబుతున్నట్టు రికార్డ్ చేసుకోండి. ఆ రికార్డింగ్ విని రాయండి. తెలుగు తనంతట తాను వస్తుంది. నేను చాలా ఆర్టికల్స్ ఇలాగే రాశాను, ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు.

సెర్చ్ ఇంజిన్లు ఏం చేస్తాయి

ఒకే ఆర్టికల్ పది సైట్లలో ఉంటే గూగుల్ శిక్ష వేస్తుందని చాలామందికి టెన్షన్. మామూలుగా అలా శిక్షలాంటిది ఉండదు. ఒకేలా ఉన్న పేజీల్లో ఒకదాన్ని ఎంచుకుని చూపిస్తుంది, మిగతావాటిని పక్కన పెడుతుంది. ఎంచుకునేది మీదే అవుతుందని ఆశ పెట్టుకోకండి, మీకన్నా ముందు పెట్టినవాళ్లు, పెద్ద సైట్లు చాలా ఉంటాయి.

అసలు సమస్య సైట్ నిండా అలాంటి పేజీలే ఉన్నప్పుడు వస్తుంది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తెచ్చిన పాండా అప్‌డేట్ అనే ర్యాంకింగ్ మార్పు పస లేని పేజీలతో నిండిన సైట్లను కిందికి నెట్టింది. 2022 ఆగస్టులో పాఠకులకు ఉపయోగపడే కంటెంట్ కోసమంటూ ఇంకో మార్పు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో నాణ్యత చూసే కొలమానాల్లో రాసినవాళ్ల స్వానుభవాన్ని కూడా చేర్చారు. 2024 మార్చిలో స్పామ్ నియమాలు మార్చి, ర్యాంకుల కోసం కుప్పలుగా పేజీలు తయారు చేయడాన్ని, అది మనిషి చేసినా మెషీన్ చేసినా, స్పామ్‌గానే లెక్కేస్తామన్నారు. వేరేవాళ్ల కంటెంట్‌ని పర్యాయపదాలతో మార్చడం, ఆటోమేటిక్‌గా అనువదించడం ద్వారా పేజీలు పెంచడం కూడా అందులోకి వస్తుంది.

కాబట్టి వారానికి ఇరవై పెట్టే బదులు ఒకటి బాగా పెట్టండి. మెంబర్ల కోసమో, ఏదో రిఫరెన్స్ కోసమో ఆర్టికల్‌ని పెద్దగా మార్చకుండా ఉంచాల్సి వస్తే ఆ పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ పెట్టండి. మీ పాఠకులు చదువుకుంటారు, సెర్చ్‌లోకి రాదు. వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ సెట్టింగుల కోసం వాడే ఏ ఎస్ఈఓ ప్లగిన్‌లోనైనా ఒక టిక్‌తో అయిపోతుంది. సైట్‌లో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌కి అప్లై చేయాలనుకునేవాళ్లు అప్లై చేయకముందే ముడి పీఎల్ఆర్ పేజీలన్నీ తీసేయండి. వేరేచోట ఉన్నదాన్నే తెచ్చిపెట్టిన పేజీల మీద ప్రకటనలు చూపడానికి వాళ్ల నియమాలు ఒప్పుకోవు.

ఆర్టికల్‌గానే పెట్టాలని లేదు

కొన్ని ప్యాక్‌లు చదివితే ఆర్టికల్‌గా పనికిరావనిపిస్తుంది. అయినా పారేయక్కర్లేదు. అందులోని అంశాల్ని ఒక పేజీ చెక్‌లిస్ట్ చేసి మెయిల్ లిస్ట్‌లో చేరినవాళ్లకు ఇవ్వండి. ఐదు ఆర్టికల్స్ ఉంటే ఐదు రోజుల మెయిల్ సిరీస్ అవుతుంది, మెయిల్స్ సెర్చ్‌లో కనిపించవు కాబట్టి డూప్లికేట్ బెంగ ఉండదు. వీడియో చేసేవాళ్లకు స్క్రిప్ట్‌కి అస్థిపంజరంలా పనికొస్తుంది. లైసెన్స్ ఒప్పుకోవాలన్నది మాత్రం ప్రతి సందర్భంలోనూ గుర్తుంచుకోండి.

ప్యాక్‌ని కలిపి అమెజాన్ కేడీపీలో (ఎవరి పుస్తకాన్ని వాళ్లే పబ్లిష్ చేసుకునే చోటు) ఈ-బుక్‌గా పెడదామనుకుంటే ఆగండి. వెబ్‌లో ఉచితంగా దొరికే కంటెంట్‌ని, మీరు కాపీరైట్ ఉన్నవాళ్లు కాకపోతే, వాళ్లు తీసుకోరు. మీకూ మరెందరికో పంచుకునే అనుమతి ఇచ్చి వెబ్‌లో తిరుగుతున్న పీఎల్ఆర్ అందులోకే వస్తుంది. పుస్తకం తీసేయడమే కాదు, అకౌంట్‌కే ముప్పు.

పబ్లిష్ చేసేటప్పుడు

టైటిల్, పేజీ అడ్రస్, సెర్చ్‌లో కనిపించే రెండు లైన్ల వివరణ, మూడూ సొంతంగా రాయండి. ప్యాక్‌తో వచ్చిన టైటిల్‌ని అందరూ వాడి ఉంటారు. మీ పాత ఆర్టికల్స్‌కి రెండు మూడు లింకులు ఇవ్వండి. అఫిలియేట్ లింకులు పెడితే ఆ సంగతి పాఠకులకు కనిపించే చోట చెప్పండి.

కొన్న ఆర్టికల్ అని పాఠకులకు చెప్పాలా? మొత్తం తిరగరాసి, ప్రతి మాటకూ బాధ్యత తీసుకుంటే చెప్పనక్కర్లేదనే నేను అనుకుంటాను, లైసెన్స్ ఇచ్చిన అనుమతే అది. కానీ ఎవరైనా నేరుగా అడిగితే దాచకండి. చివరగా ఒక పరీక్ష: ఆర్టికల్‌ని పైకి చదవండి. ఏ వాక్యం దగ్గరైనా 'ఇది నేను అనను' అనిపిస్తే ఆ వాక్యం తీసేయండి.

తర్వాత చేయాల్సినవి

ఒక షీట్ పెట్టుకోండి. ప్యాక్ పేరు, కొన్న తేదీ, లైసెన్స్ ఉన్న చోటు, ఏ ఆర్టికల్ ఏ పేజీగా వచ్చింది, వాస్తవాలు చివరిసారి ఎప్పుడు సరిచూశారు, అంతే. ఆరు నెలలకోసారి ఆ చివరి కాలమ్ చూసి పాతబడ్డవాటిని మళ్లీ చదవండి.

ఎవరైనా 'ఇది నా ఆర్టికల్' అని ఫిర్యాదు పంపితే వాదన పెట్టుకోకుండా ముందు పేజీని డ్రాఫ్ట్‌లోకి మార్చండి. తర్వాత మీ ఫోల్డర్ తెరిచి లైసెన్స్, రసీదు చూపించి మర్యాదగా జవాబు రాయండి. అమ్మినవాళ్లకూ తెలియజేయండి. ఫిర్యాదు నిజమైతే పేజీని పూర్తిగా తీసేయండి, ఆ ప్యాక్‌లోని మిగతా ఆర్టికల్స్‌ని కూడా మొదటి నుంచి సరిచూడండి. ఒకటి దొంగదైతే పక్కది కూడా అయ్యే అవకాశం ఉంది.

ఇప్పటికే ముడిగా పెట్టేసిన ఆర్టికల్స్ ఉన్నవాళ్లు అన్నిటినీ ఒకేసారి సరిచేయాలని కూర్చుంటే అలసిపోతారు. మీ పేజీలకు సెర్చ్ నుంచి ఎవరు వస్తున్నారో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి గత ఏడాదిలో ఏ పేజీలకు ఎవరైనా వచ్చారో చూడండి. వచ్చినవాటిని ఒక్కొక్కటిగా పైన చెప్పినట్టు తిరగరాసి అదే అడ్రస్‌లో ఉంచండి. ఎవరూ రానివాటిని తీసేయండి. ఆరోగ్యం, డబ్బు మీద ఉన్నవాటిని మాత్రం లెక్కలు చూడకుండా ఈ రోజే డ్రాఫ్ట్‌లో పెట్టండి, తెలిసినవాళ్లు చదివి సరేనన్నాకే మళ్లీ బయటికి తీయండి.